జాబితాలో లేని ప్యాకెట్

ఆడపిల్ల పెద్దమనిషైతే గాజుల నుంచి పట్టుపరికిణీ దాకా అన్నీ కొంటాం. నెలనెలా ఆమెకు తప్పనిసరిగా కావలసిన వస్తువును ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడాలో మాత్రం చెప్పం. తొలి నెలసరికి సిద్ధమవుతున్న అమ్మాయి కోసం, ఆమె ఇంటివాళ్ల కోసం ఈ ముఖచిత్ర కథనం.

మెజెస్టిక్ నుంచి చిక్కపేట వైపు నడిస్తే దారిలో వచ్చే బళేపేట, బెంగళూరు పాత పేటల్లో గాజులకు పెట్టింది పేరు. మట్టిగాజులు, మెటల్ గాజులు, రాళ్లు పొదిగిన గాజులు ఇక్కడ డజన్ల లెక్కన అమ్ముడవుతాయి. ఆ వరుసలోనే వీణలు, తబలాలు, హార్మోనియంలు అమ్మే పాతకాలపు దుకాణాలుంటాయి. ఇంకాస్త ముందుకెళ్తే పట్టుచీరల కొట్లు. బేరం కన్నడంలో మొదలై తెలుగులోకి, తెలుగులోంచి హిందీలోకి ఇట్టే మారిపోతుంది. పెళ్లిళ్లకే కాదు, ఆడపిల్ల పెద్దమనిషైన వేడుకకు సరంజామా కొనడానికి కూడా ఊళ్లోని తెలుగు కుటుంబాలు, కోలారు, హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ వీధుల్లోనే తిరుగుతారు.

ఆ రోజు చేతిలో ఉండే జాబితా మనందరికీ తెలిసిందే. పరికిణీ, ఓణీ, పూలజడ, రెండు చేతుల నిండా గాజులు, పేరంటాళ్లకు పంచడానికి పసుపు, కుంకుమ భరిణెలు, చిమ్మిలి దంచడానికి నువ్వులు, బెల్లం. ప్రేమతో, పట్టింపుతో రాసుకున్న జాబితా అది. అందులో ప్యాడ్ల ప్యాకెట్ ఉండదు. దాన్ని అమ్మ ఎప్పుడో ఒంటరిగా మందుల షాపుకు వెళ్లి, పాత కాగితంలో చుట్టించి, నల్ల కవరులో వేయించుకుని తెస్తుంది. అమ్మాయికి ఒక్క మాటతో అందిస్తుంది: "ఇది పెట్టుకో." ఎలా పెట్టుకోవాలి, ఎప్పుడు తీసేయాలి, ఎక్కడ పారేయాలి అన్నవి ఆ పిల్ల తనంతట తనే కనిపెట్టుకోవాలి.

ఈ కథనం చెప్పదలచుకున్నది ఇదే. ప్యాడ్, బట్ట, కప్పు, టాంపన్ వీటిలో ఏది వాడినా సరైన వాడకం తెలిస్తే క్షేమమే, తెలియకపోతే దేనితోనైనా ఇబ్బందే. పిల్లను కాపాడేది బ్రాండు పేరు కాదు. ఎన్ని గంటలకు మార్చాలో తెలియడం, శుభ్రంగా మార్చుకునే చోటు ఉండటం, తేడా కనబడితే అడగగలిగే మనిషి ఇంట్లో ఉండటం. ఈ మూడూ ఆమెకు అందాలి.

ముందే చెప్పాలి

భారతదేశంలో కిశోర బాలికల నెలసరి అవగాహన మీద జరిగిన 138 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. మొదటిసారి రక్తం కనబడేనాటికి అదేమిటో తెలిసిన అమ్మాయిలు దాదాపు సగం మందేనని అందులో తేలింది. మిగతా సగంలో చాలామంది ఆ రోజు దెబ్బ తగిలిందనో, జబ్బు చేసిందనో హడలిపోయి ఉంటారు. ఆ భయం నూటికి నూరుపాళ్లు తప్పించగలిగినదే.

ఎందుకంటే శరీరం ముందే కబురు పంపుతుంది. ఛాతీ ఎదగడం మొదలైన సుమారు రెండు, రెండున్నరేళ్లకు తొలి నెలసరి వస్తుంది. కొన్ని నెలల ముందు నుంచి లోదుస్తుల మీద తెల్లటి తడి కనబడవచ్చు. ఎక్కువ మందికి 12, 13 ఏళ్ల ప్రాంతంలో వచ్చినా, కొందరికి పదేళ్లకే రావచ్చు. కాబట్టి తొమ్మిదో ఏడు దాటిన పిల్లతో మాట్లాడటం తొందరపాటు కాదు. గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర సిద్ధమవుతుందనీ, అవసరం లేనప్పుడు అది రక్తంతో కలిసి బయటికి వస్తుందనీ చెబితే ఆ వయసు పిల్లకు చక్కగా అర్థమవుతుంది.

కొన్ని కొలతలు కూడా చెప్పాలి. రక్తస్రావం సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులుంటుంది. మొత్తం కలిపి పోయేది 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. బట్ట మీద పరుచుకుంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది, అంతే. మొదట్లో, చివర్లో గోధుమరంగులో కనబడటం మామూలే. మొదటి రెండేళ్లు తేదీలు కుదురుగా ఉండవు. ఒక నెలసరి మొదటి రోజు నుంచి మరో నెలసరి మొదటి రోజుకు 21 నుంచి 45 రోజుల తేడా ఉండవచ్చు. అందుకే క్యాలెండరు మీద చిన్న గుర్తు పెట్టుకోవడం మొదటి నెల నుంచే నేర్పాలి. తర్వాత ఎప్పుడైనా డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు ఆ గుర్తే జవాబు.

మొదటి ప్యాకెట్ ఎలా ఎంచాలి?

మొదటిసారి వాడే పిల్లకు అన్నిటికంటే తేలిక ప్యాడ్. శరీరం లోపలికి ఏమీ పెట్టనక్కర్లేదు, ఎంత తడిసిందో కంటికి కనబడుతుంది, పక్కింట్లోనైనా బళ్లోనైనా దొరుకుతుంది. బహుళజాతి కంపెనీల ప్యాడ్లు మన బజార్లలో విరివిగా కనబడటం 1980ల చివరి నుంచే మొదలైంది. అప్పట్లో అవి కొందరికే అందే సరుకు. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం చవకగా ప్యాడ్లు తయారుచేసే చిన్న యంత్రాన్ని రూపొందించి, దాన్ని మహిళా సంఘాల చేతికి అందించాక, తక్కువ ధర ప్యాడ్లు ఊళ్లలోనూ తయారయ్యాయి. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ప్యాడ్‌లో మూడు పొరలుంటాయి. చర్మానికి తగిలే పై పొర, రక్తాన్ని పీల్చుకునే మధ్య పొర, బయటికి కారకుండా ఆపే అడుగు పొర. మధ్య పొరలో కలప గుజ్జుతో పాటు తడి తగలగానే జెల్లులా మారే పొడి ఉంటుంది. ఈ నిర్మాణం తెలిస్తే ప్యాకెట్ మీద రాసి ఉన్నవాటిలో ఏది చూసుకోవాలో తెలుస్తుంది.

మొదట పొడవు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లకు పగటిపూట 240 మిల్లీమీటర్ల లోపుది సరిపోతుంది. రాత్రికి 280 నుంచి 320 దాకా ఉన్నది హాయి. "ఎక్స్ఎల్" అని ఉంటే మంచిదనుకుని అదొక్కటే కొంటే చిన్నపిల్ల లోదుస్తుల్లో అది మడతలు పడి, పక్కల నుంచి కారుతుంది. తర్వాత రెక్కలు. రెక్కలున్నది జరగదు, పరుగెత్తే పిల్లకు అదే మేలు. మూడోది పై పొర. వలలాంటి ప్లాస్టిక్ పొర పొడిగా అనిపించినా కొందరి చర్మం ఒరుసుకుపోతుంది. మెత్తటి నూలు స్పర్శ ఉన్నది మొదట చూడటం మంచిది. నాలుగోది వాసన. సెంటు కలిపినవి వద్దు. తాజా నెలసరి రక్తానికి పెద్దగా వాసన ఉండదు, ప్యాడ్ ఎక్కువసేపు ఉంచినప్పుడే వాసన వస్తుంది. దానికి మందు సెంటు కాదు, మార్చడం. ప్యాడ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 5405. ప్యాకెట్ మీద ఆ గుర్తు, తయారీ తేదీ, చెదరని సీలు చూసి తీసుకోవాలి.

ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక, పరీక్షించిన పది రకాల ప్యాడ్లలోనూ థాలేట్లు అనే రసాయనాలు, తేలిగ్గా ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఉన్నాయని చెప్పింది. ఫలానా ప్యాడ్ వల్ల ఫలానా జబ్బు వచ్చిందని అది తేల్చలేదు. భయపడి ప్యాడ్లు మానేయనక్కర్లేదు. సెంటు, రంగు ఉన్నవాటిని పక్కన పెట్టడానికి మాత్రం అదింకో కారణం.

పెద్ద ప్యాకెట్ ఒకటి కొనే బదులు రెండు రకాల చిన్న ప్యాకెట్లు కొనండి. నెలసరి రాకముందే ఒక ప్యాడ్‌ను పిల్లకు ఇచ్చి, తన లోదుస్తుకు అంటించి చూడమనండి. చేతులు కడుక్కుని, వెనక కాగితం తీసి, వెడల్పు భాగం మధ్యకు వచ్చేలా అంటించి, రెక్కలను కిందికి మడవాలి. పడుకునేటప్పుడు కాస్త వెనక్కి జరపాలి. ఒకసారి చేతులారా చేసిన పని ఆ రోజు వచ్చినప్పుడు కంగారు పెట్టదు.

ఇక గంటల లెక్క. ప్యాడ్ నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. ఎక్కువ పోయే మొదటి రెండు రోజులు మూడు, నాలుగు గంటలకే. తడి, వెచ్చదనం కలిస్తే సూక్ష్మజీవులకు అనుకూలం, చర్మం కూడా ఒరుసుకుంటుంది. పొద్దున ఎనిమిదింటికి బడికి వెళ్లిన పిల్ల భోజనం గంటలో ఒకసారి మార్చుకుని తీరాలి. ఇక్కడే చాలామంది తప్పిపోతారు. చాలా బళ్లలో మరుగుదొడ్డికి గడియ ఉండదు, నీళ్లుండవు, చెత్తబుట్ట ఉండదు. సాయంత్రం దాకా అదే ప్యాడ్‌తో కూర్చుంటారు, మూత్రం రాకూడదని నీళ్లు కూడా తాగరు. ఒకదాని మీద ఒకటి రెండు ప్యాడ్లు పెట్టుకున్నంత మాత్రాన గంటలు పెరగవు. పిల్లను బళ్లో చేర్చేటప్పుడు ఫీజు అడిగినంత నిదానంగా ఆ మరుగుదొడ్డి సంగతీ అడగాలి.

అవ్వ వాడిన బట్ట

బట్ట అనగానే ముఖం చిట్లించనక్కర్లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల మధ్య అమ్మాయిల్లో నూటికి 64 మంది ప్యాడ్లు వాడుతున్నామని, 50 మంది బట్ట వాడుతున్నామని చెప్పారు. అంటే చాలామంది రెండూ వాడుతున్నారు. బయటికెళ్తే ప్యాడ్, ఇంట్లో ఉంటే బట్ట. ఖర్చు లెక్కలో అది తెలివైన పద్ధతే.

చిక్కంతా ఉతికి ఆరబెట్టడంలో ఉంది. ఒడిశాలో ఆసుపత్రికి వచ్చిన మహిళల మీద జరిగిన అధ్యయనం 2015లో ప్లాస్ వన్ పత్రికలో ప్రచురితమైంది. మళ్లీ మళ్లీ వాడే బట్టను వాడినవాళ్లలో జననాంగ, మూత్రనాళ సంబంధ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. బట్టను ఎండలో వేయడానికి సిగ్గుపడి చీర మాటునో, మంచం కిందో, తలుపు వెనకో ఆరేస్తే తేమ పోదు. బళేపేటలాంటి పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, మేడ మీది ఎండ నలుగురికీ ఉమ్మడి. అక్కడ ఈ సిగ్గు మరింత గట్టిగా పట్టుకుంటుంది.

బట్ట వాడేవాళ్లు పాటించాల్సినవి ఇవి. మెత్తటి శుభ్రమైన నూలు బట్టే వాడాలి, సింథటిక్ వద్దు. నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. మొదట చన్నీళ్లలో జాడించాలి, వేడినీళ్లు పోస్తే మరక నిలిచిపోతుంది. తర్వాత సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎండ తగలని ఇంట్లో బాగా ఆరాక ఇస్త్రీ చేయాలి. పొడి సంచిలో దాచుకోవాలి. గుండీలతో బిగించుకునే కుట్టు ప్యాడ్లూ ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటికీ ఇవే నియమాలు. ఎండా, నీళ్లూ, చోటూ మూడూ లేని ఇంటికి బట్ట తగదు. అది ఆ ఇంటి తప్పు కాదు, ఎంపిక మార్చుకోవాలంతే.

కప్పు, టాంపన్: ఎప్పుడు, ఎలా?

లోపలికి పెట్టుకునేవి రెండు. టాంపన్ దూదితో చేసిన చిన్న చుట్ట, రక్తాన్ని పీల్చుకుంటుంది. కప్పు మెత్తటి సిలికాన్ గిన్నె, రక్తాన్ని పడుతుంది. ఈత నేర్చుకునే, ఆటలాడే అమ్మాయిలు వీటి గురించి ముందుగా అడుగుతారు. వయసు వీటికి అడ్డు కాదు. అమ్మాయికి ఇష్టం, ఓపిక, శుభ్రమైన చేతులు, గడియ ఉన్న గది ఉండాలి. ఎవరి బలవంతమూ ఉండకూడదు.

టాంపన్ విషయంలో ప్రపంచం ఒక పాఠం కష్టపడి నేర్చుకుంది. 1978లో జేమ్స్ టాడ్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే జబ్బును వర్ణించారు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే విషం రక్తంలో కలిసి ప్రాణం మీదికి తెస్తుంది. 1980లో అమెరికాలో నెలసరిలో ఉన్న యువతుల్లో ఈ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. అతిగా పీల్చుకునే టాంపన్లను చాలాసేపు ఉంచుకోవడంతో దానికి సంబంధం ఉందని తేలింది. రిలై అనే టాంపన్‌ను ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ ఆ ఏడాది సెప్టెంబరులో బజారు నుంచి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత హెచ్చరికలు, కొలతలు వచ్చాయి, కేసులు బాగా తగ్గాయి. ఇప్పుడది చాలా అరుదైన జబ్బు. అయినా నియమం నియమమే.

టాంపన్ వాడితే అన్నిటికంటే తక్కువ పీల్చుకునే రకమే కొనాలి. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో మార్చాలి, ఎనిమిది గంటలు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. రాత్రి ఎక్కువసేపు నిద్రపోయే పిల్ల ప్యాడ్ వాడటమే క్షేమం. నెలసరి లేనప్పుడు పెట్టుకోకూడదు. చివరి రోజు చివరి టాంపన్ తీశానా లేదా అని సరిచూసుకోవాలి. ఉన్నట్టుండి 102 డిగ్రీల జ్వరం, వాంతులు, విరేచనాలు, కళ్లు తిరగడం, ఎండకు కమిలినట్టు ఒంటి మీద ఎరుపు కనబడితే వెంటనే దాన్ని తీసేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. టాంపన్ వాడుతున్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఆ ఒక్క మాట వైద్యాన్ని సరైన దారిలో పెడుతుంది.

కప్పు కొత్తగా వచ్చిందనుకుంటాం కానీ, అమెరికన్ నటి లియోనా చామర్స్ 1937లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. 43 అధ్యయనాలను, 3,300 మందికి పైగా వాడకందారుల అనుభవాన్ని కలిపి చూసిన సమీక్షను 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ ప్రచురించింది. ప్యాడ్లు, టాంపన్లతో పోలిస్తే కప్పు కారడం సమానంగానో తక్కువగానో ఉందని, అది సురక్షితమైన ఎంపికేనని చెప్పింది. కప్పు వాడినవాళ్లలోనూ టాక్సిక్ షాక్ కేసులు ఐదు నమోదయ్యాయని కూడా అదే సమీక్ష తెలిపింది. అందుకే దీనికీ గంటల లెక్క ఉంది, పన్నెండు దాటకూడదు. కేరళలోని కుంబళంగి గ్రామంలో 2022లో వేల కప్పులు పంచి, వాడకం నేర్పించారు. కర్ణాటక ఆరోగ్య శాఖ కూడా మైత్రి పేరుతో కొన్ని జిల్లాల్లో అమ్మాయిలకు కప్పులిచ్చే ప్రయత్నం మొదలుపెట్టింది.

కప్పు మొదలుపెట్టే అమ్మాయి చిన్న సైజు, మెత్తటి రకం ఎంచుకోవాలి. వైద్య ప్రమాణాల సిలికాన్ అని రాసి ఉండాలి. ప్రతి నెలసరికి ముందు, తర్వాత విడిగా పెట్టుకున్న గిన్నెలో మునిగేంత నీళ్లు పోసి ఐదు నుంచి పది నిమిషాలు మరిగించాలి. బడి లేని రోజున ఇంట్లో ప్రయత్నించాలి. గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, గొంతుకూర్చుని, కప్పును మడిచి, నడుము వెనక భాగం వైపు ఏటవాలుగా, నిదానంగా పెట్టాలి. ఒళ్లు బిగుసుకుంటే ఆగిపోవాలి, మరోరోజు చూడాలి. తీసేటప్పుడు తోకను పట్టి లాగకూడదు. అడుగుభాగాన్ని వేళ్లతో నొక్కి గాలి పట్టు వదిలించాకే తీయాలి. లోపల ఎక్కడికో పోతుందన్న భయం అక్కర్లేదు. ఆ దారి గర్భసంచి ముఖద్వారం దగ్గర ముగుస్తుంది, దాన్ని దాటి కప్పు వెళ్లలేదు. మొదటి రెండు మూడు నెలలు కప్పుతో పాటు పలచటి ప్యాడ్ కూడా పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది.

తల్లులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. కన్నెపొర సంగతేమిటి? అది దారిని మూసే తలుపు కాదు, అంచున ఉండే సాగే పొర. అందులో సహజంగానే ఖాళీ ఉంటుంది, నెలసరి రక్తం బయటికి వచ్చేది అందులోంచే. ఆటల్లోనూ అది సాగవచ్చు, కప్పుతోనూ సాగవచ్చు. దాన్ని చూసి కన్యత్వాన్ని తేల్చడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. అలాంటి పరీక్షలకు స్వస్తి చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు ఐక్యరాజ్య సమితి సంస్థలు 2018లో పిలుపునిచ్చాయి. కప్పు వద్దనుకోవడానికి అమ్మాయికి ఇష్టం లేకపోవడం చాలు, ఈ భయం కారణం కానక్కర్లేదు.

ప్యాడ్, బట్ట, కప్పు, టాంపన్ కాకుండా నెలసరి ప్యాంటీ అనే దారీ ఉంది. లోదుస్తులోనే పీల్చుకునే పొరలు కుట్టి ఉంటాయి. తేదీ ఖాయంగా తెలియని తొలి ఏడాదిలో, తక్కువ పోయే రోజుల్లో, నిద్రలో అది హాయి. బట్టకున్న ఉతుకుడు నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి.

స్నానం మానకండి, మాత్రలు మింగకండి

కొన్ని ఇళ్లలో తొలి నెలసరి వచ్చిన పిల్లను విడిగా చాప మీద కూర్చోబెడతారు. ఆచారం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ ఇల్లు తేల్చుకోవాల్సిన విషయం. కానీ రోజూ స్నానం, కావలసినప్పుడు మరుగుదొడ్డి, సమయానికి మార్చుకునే ప్యాడ్, ఇంట్లో అందరితో పాటు తిండి, వీటిని ఏ ఆచారం పేరుతోనూ ఆపకూడదు. రక్తం పోయే రోజుల్లో శుభ్రత అవసరం ఇంకా ఎక్కువ. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగితే చాలు. ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలి. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. సెంటు ద్రవాలతో లోపల కడిగితే మేలు చేసే సూక్ష్మజీవులు చనిపోయి ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

పూజకో, వేడుకకో అడ్డం వస్తుందని నెలసరిని వాయిదా వేసే మాత్రలను మందుల షాపులో అడిగి పిల్లకు మింగించడం ఆపాలి. అవి హార్మోన్లు. అందరి ఒంటికీ పడవు. డాక్టరు చూసి, ఇంట్లో రక్తం గడ్డకట్టే జబ్బులున్నాయేమో అడిగి, రాసిస్తేనే వాడాలి.

వాడేశాక ఎక్కడికి?

బెంగళూరు ఇళ్లలో చెత్తను మూడుగా విడదీయాలని 2015లో కర్ణాటక హైకోర్టు ఆదేశించింది. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు సంచి, ప్యాడ్లు, డైపర్లలాంటి వాటికి ఎర్ర డబ్బా. వాడిన ప్యాడ్‌ను చుట్టి, కాగితంలో పొట్లం కట్టి, దాని మీద ఎర్ర చుక్క పెట్టి ఇస్తే, చెత్త విడదీసే పౌరకార్మికురాలు దాన్ని చేత్తో విప్పి చూడాల్సిన పని ఉండదు. ప్యాడ్లను చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలూ చెప్పాయి. మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోస్తే జెల్లు ఉబ్బి పైపు మూసుకుపోతుంది. ఆ మ్యాన్‌హోల్‌ను శుభ్రం చేసేదీ ఒక మనిషే. పిల్లకు మొదటి ప్యాడ్ ఇచ్చిన రోజే ఈ పొట్లం కట్టడమూ నేర్పాలి.

డబ్బు అడ్డం కాకూడదు

ప్యాడ్ల మీద ఉన్న 12 శాతం జీఎస్టీని 2018 జులైలో తీసేశారు. జన ఔషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్ 2019 ఆగస్టు నుంచి ఒక్క రూపాయికే దొరుకుతోంది. కర్ణాటకలో ప్రభుత్వ బడుల పిల్లలకు శుచి పథకం ఉంది. మధ్యలో కొన్నేళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వాలని నిర్ణయించారు. మీ పిల్ల బళ్లో ప్యాడ్లు సరిగ్గా అందుతున్నాయో లేదో తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. అడగకపోతే పథకం కాగితం మీదే ఆగుతుంది.

ఇవి కనబడితే డాక్టరు దగ్గరికి

• గంటకో, రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే
• రక్తస్రావం ఏడు రోజులు దాటితే
• నొప్పికి బడి మానేయాల్సి వస్తుంటే, మామూలు మందుకు తగ్గకపోతే
• 15 ఏళ్లు నిండినా, లేదా ఛాతీ ఎదగడం మొదలై మూడేళ్లయినా నెలసరి రాకపోతే
• ఒకసారి మొదలయ్యాక మూడు నెలలు రాకపోతే
• దురద, మంట, దుర్వాసన, పచ్చటి స్రావం ఉంటే
• నీరసం, ఆయాసం, పాలిపోయిన ముఖం ఉంటే

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. బళ్లో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రను పిల్ల మింగుతోందో లేదో కనుక్కోండి. బళేపేట నుంచి కొద్ది దూరంలో, కృష్ణరాజ మార్కెట్ పక్కన ప్రభుత్వ వాణీ విలాస్ ఆసుపత్రి ఆడవాళ్లకూ పిల్లలకూ వైద్యం అందిస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కిశోర వయసువాళ్ల కోసం విడిగా స్నేహ క్లినిక్‌లూ ఉన్నాయి.

పిల్ల చేతికి ఇవ్వాల్సిన సంచి

• పగటి ప్యాడ్లు నాలుగు, రాత్రి ప్యాడ్లు రెండు
• ఒక జత లోదుస్తులు, చిన్న సబ్బు
• వాడినవి చుట్టడానికి కాగితాలు, ఎర్ర స్కెచ్ పెన్ను
• తేదీలు రాసుకోవడానికి చిన్న క్యాలెండరు
• అమ్మ, నాన్న, అత్త లేదా నమ్మకమైన టీచరు ఫోన్ నంబరు

మూడు నెలల తర్వాత

ఇదంతా ఒక్క రోజులో ముగిసే పాఠం కాదు. మూడు నెలలయ్యాక పిల్లతో కూర్చుని ఏది హాయిగా ఉంది, ఏది ఒరుసుకుంది, బళ్లో ఎక్కడ ఇబ్బంది పడ్డావు అని అడగండి. ప్యాడ్ మార్చి మరో రకం చూస్తానంటే చూడనివ్వండి. వద్దంటే ఒత్తిడి చేయకండి. మొదటి ఎంపికే చివరి ఎంపిక కానక్కర్లేదు. ఈ మాటలు నాన్నలకూ అన్నలకూ వర్తిస్తాయి. అమ్మ ఊళ్లో లేని రోజున షాపుకు వెళ్లి ఏ పొడవుది, రెక్కలున్నదా అని మామూలుగా అడిగి తెచ్చే నాన్న, ఆ పిల్లకు ఈ విషయంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చేతలతోనే చెప్పినవాడవుతాడు. దుకాణదారులకూ ఒక మనవి. అడిగినవాళ్లకు నల్ల కవరు ఇవ్వండి, అడగని పిల్లకు మీరే దాచిపెట్టి ఇవ్వకండి.

పదకొండు, పన్నెండేళ్ల అమ్మాయికి ఈ ఎంపికను అప్పగించడమంటే, తన శరీరం గురించి తను తెలుసుకుని నిర్ణయించుకోగలదని ఇల్లంతా ఒప్పుకోవడం. రేపు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు తన బాధను తన నోటితో చెప్పుకోగలిగే ధైర్యం, ఇష్టం లేనిదాన్ని వద్దనగలిగే ధైర్యం అక్కడి నుంచే వస్తాయి. ఆ మాట మొదలుపెట్టడానికి తొలి నెలసరి దాకా ఆగకండి. మీ ఇంట్లో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్ల ఉంటే, ఈ పేజీని ఈ ఆదివారమే ఆమె చేతికిచ్చి, పక్కనే కూర్చుని చదవండి.